ఓర్లాండోలో కిరీటపు కొంగల కోసం నాలుగు రోజులు

ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గరున్న డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కుకి వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే ఏనుగు, జిరాఫీ, సింహం అంటారు. వాళ్ల ఫోన్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూడండి. జిరాఫీ కాళ్ల పక్కన ఓ మూల, తలమీద బంగారు రంగు కుచ్చుతో మీటరు ఎత్తు పక్షి ఒకటి నడుస్తూ కనిపించే అవకాశం ఉంది. అదే ఆఫ్రికా కిరీటపు కొంగ, గ్రే క్రౌన్డ్ క్రేన్. ఉగాండా జెండా మధ్యలో ఒక కాలు ఎత్తి నిలబడిన పక్షి ఇదే.

దీన్ని చూడాలంటే సఫారీ ట్రక్కు ఎక్కితే సరిపోదు. ట్రక్కు ప్రయాణం మొత్తం 18 నుంచి 20 నిమిషాలు. అందులో కొంగ కనిపిస్తే కొన్ని సెకన్లు, లేకపోతే అదీ లేదు. కాలితో నేల తట్టి పురుగుల్ని లేపడం, రెక్కలు విప్పి గెంతడం, జంటగా గొంతు కలిపి అరవడం లాంటివన్నీ ఒకచోట నిలబడి చూసేవాళ్లకే దక్కుతాయి. అందుకే ఈ ప్రయాణంలో పార్కు కంటే దాని పక్కనున్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్ ఆవరణకే ఎక్కువ సమయం కేటాయించాలి.

వెళ్లడానికి మంచి కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఎండ 33 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రమయ్యేసరికి ఉరుములతో వాన పడుతుంది. పిడుగుల హెచ్చరిక వస్తే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. చలికాలంలోనూ ఒక మెలిక ఉంది. కిరీటపు కొంగ వేడి దేశాల పక్షి, చలికి ఓర్చుకోలేదు. ఉత్తరం నుంచి చలిగాలులు దిగిన రోజున జంతువుల్ని, పక్షుల్ని ఆలస్యంగా బయటికి వదలొచ్చు. అలాంటి రోజు తెల్లవారుజామున వెళ్లి ఖాళీ మైదానం చూసి నిరాశపడే కన్నా తొమ్మిది గంటలకు వెళ్లడం మేలు. థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా జనం విపరీతం. మన కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది కూడా అప్పుడే కాబట్టి, తేదీలు మార్చుకోగలిగినవాళ్లు జనవరి చివరి వారాలు చూసుకోండి.

సామాను సంగతి. బైనాక్యులర్ 8×42 లేదా 8×32 తీసుకోండి. పది రెట్లు పెద్దదిగా చూపే 10× అయితే కదిలే ట్రక్కులో బొమ్మ వణికిపోయి ఏమీ కనిపించదు. కెమెరా ఉంటే 100-400 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఒక్కటి చాలు. ట్రక్కులో దుమ్ము, కుదుపులు ఉంటాయి కాబట్టి లెన్స్ మార్చే పని పెట్టుకోవద్దు. సెల్ఫీ స్టిక్కులను డిస్నీ పార్కుల్లోకి రానివ్వరు. మామూలు బ్యాక్‌ప్యాక్‌లో పట్టని పెద్ద ట్రైపాడ్‌లకూ అనుమతి లేదు.

మొదటి రోజు: ఎయిర్‌పోర్టు నుంచి లాడ్జ్‌కి

ఓర్లాండో ఎయిర్‌పోర్టులో కారు అద్దెకు తీసుకుంటే టోల్ విషయం ముందే తేల్చుకోవాలి. అద్దె కంపెనీల టోల్ ప్లాన్లలో, టోల్ దాటిన రోజుకీ దాటని రోజుకీ ఫీజు వేసేవి ఉన్నాయి. దానికి బదులు విజిటర్ టోల్ పాస్ అనే ట్యాగ్ ఎయిర్‌పోర్టులోనే ఉచితంగా ఇస్తారు. ముందుగా యాప్‌లో పేరు నమోదు చేసుకుని, దిగగానే ట్యాగ్ తీసుకుని కారు అద్దానికి తగిలిస్తే వాడుకున్న టోల్ మాత్రమే కార్డు మీద పడుతుంది. మూడో రోజు, నాలుగో రోజు దూరం వెళ్లాలి కాబట్టి ఈ ప్రయాణానికి కారు తప్పదు.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ 2001లో తెరిచిన హోటల్. పాత భవనం జాంబో హౌస్, 2009లో వచ్చిన కొత్త భవనం కిదానీ విలేజ్. వీటి చుట్టూ అరూషా, ఉజీమా, సన్‌సెట్, పెంబే అని నాలుగు గడ్డి మైదానాలు (సవానాలు) ఉన్నాయి. జీబ్రాలు, జిరాఫీలు, పొడుగు కొమ్ముల అంకోలే పశువులు, రకరకాల లేళ్లు తిరిగే ఈ మైదానాల్లోనే కిరీటపు కొంగలూ ఉంటాయి. ఏ మైదానంలో ఉన్నాయన్నది స్థిరం కాదు. పిల్లలు పుట్టడం, జంతువుల మధ్య గొడవలు, వైద్యం లాంటి కారణాలతో ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తారు. అందుకని ఇంటర్నెట్‌లో పాత ఫొటో చూసి ఫలానా మైదానం వైపు గదే కావాలని పట్టుబట్టడం వృథా.

మైదానం వైపు బాల్కనీ ఉన్న గదికి అద్దె మామూలు గది కన్నా చాలా ఎక్కువ. డబ్బు గురించి ఆలోచించేవాళ్లు మామూలు గదే తీసుకోవచ్చు, నష్టం లేదు. జాంబో హౌస్ లాబీ వెనక మెట్లు దిగితే అరూషా రాక్ అనే రాతి గుట్ట మీదికి దారి ఉంది. అక్కడి నుంచి మైదానం విశాలంగా కనిపిస్తుంది. కిదానీ వైపూ ఇలాంటి చోట్లు ఉన్నాయి. రెండు భవనాల మధ్య నడవొచ్చు, షటిల్ కూడా ఉంటుంది. లాడ్జ్‌లో బస చేయనివాళ్లు డిస్నీ పార్కుల నుంచి వచ్చే ఉచిత బస్సులో రావచ్చు. సొంత కారులో వస్తే రద్దీ రోజుల్లో గేటు దగ్గర రెస్టారెంట్ బుకింగ్ చూపించమని అడగొచ్చు కాబట్టి ఒక భోజనం బుక్ చేసుకుని వెళ్లడం క్షేమం.

దిగగానే చేయాల్సిన పని, మైదానం అంచున నిలబడే గైడ్‌ని అడగడం. వాళ్ల బ్యాడ్జీ మీద సొంత దేశం పేరు రాసి ఉంటుంది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు చాలామందే కనిపిస్తారు. "క్రౌన్డ్ క్రేన్లు ఈరోజు ఏ సవానాలో ఉన్నాయి, మేత ఎక్కడ పెడతారు" అని రెండు ప్రశ్నలు చాలు. "పక్షులు ఎక్కడున్నాయి" అని అడిగితే వేలు ఫ్లెమింగోల వైపు వెళ్తుంది.

ఇక గుర్తుపట్టడం. ముందు రెక్క చూడండి, తర్వాత తల. దూరం నుంచి కిరీటం కనిపించదు. కనిపించేది బూడిద రంగు ఒంటి పక్కన తెల్లని పెద్ద పట్టీ, దాని కింద ముదురు ఎరుపు గోధుమ ఈకలు, వాటి మధ్య గడ్డి రంగు కుచ్చులు. మైదానంలో మిగతా పెద్ద పక్షులకు ఈ మూడు రంగుల కలయిక లేదు. దగ్గరికి వచ్చాక తల సంగతి. నుదుటి మీద నల్లని మఖమల్ లాంటి మెత్తని ఈకలు, వాటి వెనక కొత్త చీపురు పుల్లల్లా బిరుసుగా విచ్చుకున్న బంగారు రంగు కిరీటం, తెల్లని బుగ్గ, బుగ్గ పైన ఎర్రటి చర్మం, గొంతు కింద వేలాడే ఎర్రని తిత్తి. కన్ను లేత నీలం.

ఈ కొంగల్లో రెండు జాతులున్నాయి. పైన చెప్పింది బూడిద రంగుది. తూర్పు ఆఫ్రికా ఉపజాతికి బుగ్గ పైని ఎర్ర చర్మం దక్షిణాఫ్రికా దానికన్నా పెద్దదిగా ఉంటుంది. రెండోది నల్ల కిరీటపు కొంగ, సహారా ఎడారికి దక్షిణపు అంచున పశ్చిమ ఆఫ్రికా నుంచి ఇథియోపియా దాకా ఉండేది. దాని మెడ ముదురు రంగు, గొంతు తిత్తి చాలా చిన్నది. బుగ్గ పైసగం తెలుపు, కిందిసగం ఎరుపు ఉంటే పశ్చిమ ఆఫ్రికాది. ఎరుపు పైసగంలోకీ పాకితే సూడాన్ వైపుది. జూలలో రెండు జాతుల్నీ పెంచుతారు కాబట్టి ఫొటో కింద పేరు రాసే ముందు మెడ రంగు, బుగ్గలో ఎరుపు ఎక్కడుంది అన్న రెండూ చూసుకోవాలి. ఆడ, మగ తేడా మాత్రం చూపుతో చెప్పడం కష్టం. మగది కాస్త పెద్దది, అంతే. కిరీటం పొట్టిగా, ముఖం గోధుమ రంగు ఈకలతో, కన్ను గోధుమ రంగులో ఉంటే అది పిల్ల కొంగ.

సూర్యాస్తమయానికి గంటన్నర ముందు నుంచి చీకటి పడేదాకా ఉండండి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది, జూన్‌లో ఎనిమిది దాటుతుంది. కొంగ మేతకు నడుస్తూ మధ్యమధ్యలో కాలితో గడ్డిని గట్టిగా తడుతుంది. ఆ అదురుకు మిడతలు, పురుగులు పైకి లేస్తాయి, ముక్కుతో పట్టేస్తుంది. పశువులు, లేళ్లు నడుస్తున్నప్పుడు వాటి వెంటే తిరగడమూ ఇందుకే. కాబట్టి కొంగ కనిపించకపోతే మేస్తున్న మందను వెతకండి, దాని కాళ్ల దగ్గర చూడండి.

నాట్యం మొదలయ్యే ముందు సూచనలు ఉంటాయి. ఒకటి తల పైకీ కిందికీ ఊపుతుంది, రెక్కలు సగం తెరుస్తుంది, పక్కది బదులిస్తుంది. తర్వాత రెండూ వంగి, గెంతి, చుట్టూ తిరుగుతాయి. ఒక్కోసారి గడ్డిపరక పీకి గాల్లోకి విసురుతాయి. చాలామంది దీన్ని జతకట్టే కాలం తంతు అనుకుంటారు. అలాంటిదేం లేదు, ఏడాది పొడవునా ఆడతాయి, పిల్ల కొంగలూ ఆడతాయి. చల్లని పూట, గాలి తోలుతున్నప్పుడు అవకాశం ఎక్కువ. తల ఊపడం చూడగానే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టేయండి. ఫొటోకి ప్రయత్నిస్తే రెక్క తెరిచిన క్షణం జారిపోతుంది.

రాత్రి భోజనానికి కిదానీలోని సనా రెస్టారెంట్ సరైన చోటు. ఆఫ్రికా వంటకి మన దేశపు మసాలా కలిపిన మెనూ. బ్రెడ్ సర్వీస్ అని అడిగితే నాన్ లాంటి రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, నంజుళ్లు వస్తాయి. చింతపండు, మామిడి, కొత్తిమీర, వెల్లుల్లి పచ్చడి అన్నీ ఉంటాయి. శాకాహారులకి ఇద్దరికి ఒక ప్లేటు కడుపు నింపుతుంది. కిటికీల అవతల మైదానమే కాబట్టి పొద్దు ఉండగానే టేబుల్ దొరికేలా బుక్ చేసుకోవాలి. చీకటి పడ్డాక అద్దంలో మన ముఖాలే కనిపిస్తాయి.

రెండో రోజు: పార్కు

యానిమల్ కింగ్‌డమ్ 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం రోజున తెరుచుకుంది. విస్తీర్ణంలో డిస్నీ థీమ్ పార్కుల్లోకెల్లా పెద్దది, సుమారు 580 ఎకరాలు. అందులో కిలిమంజారో సఫారీ ఒక్కటే 110 ఎకరాలు. డిస్నీ హోటళ్లలో బస చేసేవాళ్లను అరగంట ముందు లోపలికి వదులుతారు. గేటు తెరిచే సమయానికి అక్కడుంటే మొదటి ట్రక్కుల్లోనే ఎక్కొచ్చు. పదకొండు దాటాక వరుస పెరుగుతుంది, జంతువులూ నీడకు చేరతాయి.

ట్రక్కు పక్కలు తెరిచి ఉంటాయి, పైన కప్పు ఉంటుంది. మొదట అడవి భాగం, తర్వాత హిప్పోలు, మొసళ్లు ఉన్న నది, ఆ తర్వాత మైదానం వస్తుంది. అడవిలో ఫొటోల మీద శక్తి ఖర్చు పెట్టకుండా కెమెరా సెట్టింగులు సరిచేసుకోండి. షటర్ వేగం 1/1000 సెకనుకి తగ్గకూడదు. మైదానంలోకి రాగానే నీటి అంచులు, మందల వెనక వైపు చూడండి. కనిపించిన ప్రతి పొడుగు కాళ్ల పక్షీ కిరీటపు కొంగ కాదు. మారబూ కొంగ తల బోడిగా ఉంటుంది, శాడిల్ బిల్ కొంగ ముక్కు ఎరుపు నలుపు పట్టీలతో పెద్దగా ఉంటుంది. డ్రైవర్ని ఆపమని అడగడం పనిచేయదు, వెనక ఇంకో ట్రక్కు వస్తూ ఉంటుంది. జంతువు దారికి అడ్డొస్తే మాత్రం ఆపక తప్పదు. అంకోలే పశువులు రోడ్డు మీద నిలబడ్డాయంటే మీ అదృష్టం, ఆ ఐదు నిమిషాలు బైనాక్యులర్ తీయండి.

ఫొటోల్లో మామూలుగా జరిగే తప్పు, వెలుగు ఎక్కువై తెల్లని బుగ్గ వివరాలు పోవడం. ముఖంలో పక్కపక్కనే నలుపు, తెలుపు ఉండటంతో కెమెరా నలుపుని చూసి వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని మైనస్ 2/3 దగ్గర పెడితే బుగ్గ నిలుస్తుంది, నలుపుని తర్వాత కాస్త లేపుకోవచ్చు. రెండో తప్పు, ఫోకస్ కన్ను వదిలి కిరీటం పుల్లల మీద కూర్చోవడం. ఫోకస్ పాయింట్ చిన్నది చేసి బుగ్గ అంచున పెట్టండి. మధ్యాహ్నం దూరపు ఫొటోలు మసకగా వస్తే లెన్స్‌ని తిట్టుకోవద్దు, నేల వేడికి గాలి అల్లాడటం వల్ల వచ్చేది అది. దానికి మందు లేదు, పొద్దున్నే రావడమే.

మైదానంలో కంచె కనిపించకపోయినా కొంగ ఎందుకు ఎగిరిపోదని పిల్లలు అడుగుతారు. పైకప్పు లేని చోట పెంచే కొంగలకి జూలలో సాధారణంగా ఒక రెక్క ఈకలు కత్తిరిస్తారు, లేదా చిన్నప్పుడే రెక్క కొస తీసేస్తారు. రెక్కలు విప్పినప్పుడు ఒకవైపు పొట్టిగా కనిపిస్తే కారణం ఇదే. దీనివల్ల పార్కులో చూడలేని సంగతి ఒకటుంది. క్రేన్ జాతి కొంగల కుటుంబంలో చెట్ల కొమ్మల మీద రాత్రి గడపగలిగేవి కిరీటపు కొంగలే, ఎందుకంటే కొమ్మను పట్టుకునేంత పొడవైన వెనక వేలు వీటికే ఉంది. ఎగరలేని కొంగ చెట్టెక్కదు. వెనక వేలిని మాత్రం అరూషా రాక్ నుంచి బైనాక్యులర్‌తో చూసుకోవచ్చు.

ఈ పార్కులో ప్లాస్టిక్ స్ట్రాలు, కూల్ డ్రింకు కప్పులకి మూతలు ఇవ్వకపోవడం తొలిరోజుల నుంచీ ఉన్న నియమం. గాలికి ఎగిరి మైదానంలో పడితే పక్షులూ జంతువులూ మింగుతాయని. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు మూతున్న సీసా తెచ్చుకోండి.

మధ్యాహ్నం ఆసియా విభాగంలోని మహారాజా జంగిల్ ట్రెక్ నడవండి. పులులు, కృష్ణజింకలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువుని చూడటానికి ఫ్లోరిడా దాకా రావడం తమాషాయే కానీ, అక్కడ జనం తక్కువ, నీడ ఎక్కువ. నాలుగు గంటలకు సఫారీ రెండోసారి ఎక్కండి. పొద్దున ఎదురు వెలుతురులో ఉన్న చోట్లు ఇప్పుడు వేరుగా కనిపిస్తాయి. కొంగ వెనక నుంచి ఎండ పడితే కిరీటం వెలుగుతుంది. శీతకాలంలో చీకటికి ముందే సఫారీ మూసేస్తారు, ఆ రోజు సమయం డిస్నీ యాప్‌లో చూసుకోవాలి.

మూడో రోజు: తెల్లవారుజామున లాడ్జ్, తర్వాత టాంపా

నాలుగు రోజుల్లో ఒక్క పూటే మిగిలిందంటే ఈ ఉదయాన్నే ఉంచుకోండి. డిసెంబరులో పొద్దు పొడిచేది ఏడుంపావుకి. ఏడింటికే అరూషా రాక్ మీద ఉంటే ఎనిమిదిన్నర దాకా దాదాపు ఎవరూ రారు. ఈ పూట చెవులకి పని చెప్పాలి. మిగతా క్రేన్ జాతుల్లో చాలావాటికి శ్వాసనాళం పొడవుగా చుట్టలు చుట్టుకుని రొమ్ము ఎముక లోపలికి వెళ్తుంది, అందుకే వాటి కేక బూర ఊదినట్టు చాలా దూరం పోతుంది. కిరీటపు కొంగకి ఆ చుట్ట లేదు. బాతు అరుపుకి దగ్గరగా రెండు ముక్కల కేక వేస్తుంది. జంటగా ఉన్నప్పుడు తల కిందికి దించి, గొంతు తిత్తి ఉబ్బించి గుమ్మని మూలుగుతుంది. అది మెల్లని శబ్దం, పగలు జనం మాటల్లో వినపడదు.

ఎనిమిదిన్నరకి బయల్దేరితే ఐ-4 హైవే మీద పడమటికి సుమారు 70 మైళ్లు, గంటంపావు ప్రయాణం. ఐ-4లో ఒక ప్రమాదం జరిగితే రెండు గంటలు. టాంపాలో 1959లో మొదలైన బుష్ గార్డెన్స్ పార్కు రోలర్ కోస్టర్లకే పేరుపడింది గానీ అందులో 65 ఎకరాల సెరెంగెటీ మైదానం ఉంది, అక్కడా కిరీటపు కొంగల్ని పెంచుతారు. పార్కు రైలు మైదానం చుట్టూ తిరుగుతుంది. అదనంగా డబ్బు కట్టే ట్రక్కు సఫారీ జిరాఫీలకు ఆకులు తినిపించడానికే ఎక్కువసేపు ఆగుతుంది. కొంగల కోసమైతే రైలు చాలు, రెండు సార్లు ఎక్కండి. మరమ్మతుకి రైలు ఆపే రోజులుంటాయి, టికెట్ కొనేముందు కనుక్కోండి. నిజం చెప్పాలంటే పిల్లలకి కోస్టర్ల మోజు లేకపోతే ఈ పార్కు మానేసి లాడ్జ్‌లోనే మరో సాయంత్రం గడపడం మంచిది.

షికాగో, మాడిసన్ వైపు ఉండేవాళ్లకి ఇంతకన్నా దగ్గర దారి ఉంది. విస్కాన్సిన్‌లోని బారబూలో 1973లో మొదలైన ఇంటర్నేషనల్ క్రేన్ ఫౌండేషన్‌లో ప్రపంచంలోని 15 క్రేన్ జాతులూ ఒకే ఆవరణలో ఉన్నాయి. మన సారస్ కొంగ, రెండు కిరీటపు కొంగలూ అక్కడే పోల్చి చూసుకోవచ్చు. చలికాలం మూసి ఉంటుంది.

నాలుగో రోజు: స్వేచ్ఛగా తిరిగే కొంగలు

ఫ్లోరిడాలో కిరీటపు కొంగ అడవి పక్షి కాదు. కానీ దాని చుట్టం శాండ్‌హిల్ క్రేన్ ఓర్లాండో చుట్టూ పచ్చిక ఉన్న ప్రతిచోటా కనిపిస్తుంది, హోటల్ పార్కింగ్‌లో, గోల్ఫ్ మైదానంలో, ఇళ్ల ముందు. బూడిద రంగు ఒళ్లు, నుదుటి మీద ఎర్రటి చర్మం, నాలుగడుగుల ఎత్తు, కిరీటం ఉండదు. ఏడాదంతా ఇక్కడే ఉండే ఫ్లోరిడా ఉపజాతి నాలుగైదు వేలకు మించదు. చలికాలంలో ఉత్తరాది కొంగలు వచ్చి కలుస్తాయి, చూపుతో వేరుచేయలేం. ఫిబ్రవరి తర్వాత జంట వెంట పిల్లలు నడుస్తుంటే మాత్రం అవి స్థానికమే అనుకోవచ్చు.

బాగా చూడాలంటే కెనాన్స్‌విల్ దగ్గర జో ఓవర్‌స్ట్రీట్ రోడ్డుకి వెళ్లండి. సెయింట్ క్లౌడ్ నుంచి కనూ క్రీక్ రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే కుడివైపు వస్తుంది. ఐదు మైళ్ల మట్టి రోడ్డు, కిసిమ్మీ సరస్సు ఒడ్డున ఆగిపోతుంది. రెండు వైపులా పశువుల మేత భూములు. అవి ప్రైవేటు స్థలాలు, కంచె దాటకూడదు, కారు పక్కకి తీసి లోపల కూర్చునే చూడాలి. కారు దిగితే కొంగ నడిచి వెళ్లిపోతుంది, కారులో ఉంటే దగ్గరికే వస్తుంది. కంచె స్తంభాల మీద కారకారా గద్దలు, సరస్సు మీద నత్తలు తినే స్నెయిల్ కైట్ గద్దలు అదనపు లాభం. వాన పడిన మర్నాడు మట్టి రోడ్డు జారుతుంది, చిన్న కారుతో వెళ్లొద్దు. సెయింట్ క్లౌడ్‌లోనే పెట్రోలు నింపుకోండి.

కిరీటపు కొంగ గురించి పార్కులో ఇంత చెప్పుకున్నా దాని అసలు ఇల్లు తూర్పు, దక్షిణ ఆఫ్రికా చిత్తడి నేలలే. ఆ నేలలు పొలాలవడం, జూలకీ పెంపకానికీ పిల్లల్ని పట్టి అమ్మడం, విషాహారం, కరెంటు తీగలు, వీటితో గత నాలుగైదు దశాబ్దాల్లో దాని సంఖ్య సగానికి పైగా పడిపోయింది. 2012 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. శాండ్‌హిల్‌కి ఆ స్థాయి ముప్పు లేకపోయినా ఫ్లోరిడాలో దానికి మేత పెట్టడం చట్టరీత్యా నేరం. అలవాటు పడిన కొంగలు మనుషుల దగ్గరికి, రోడ్ల మీదికి వచ్చి కార్ల కింద పడతాయి. పిల్లల చేతిలోని చిప్స్ పాకెట్ కారులోనే ఉంచేయండి.

విమానం సాయంత్రానిదైతే మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడి నుంచి కదలాలి. ఎయిర్‌పోర్టుకి దారి గంటే అయినా కారు అప్పగించడానికి, సెక్యూరిటీ వరుసకి సెలవు రోజుల్లో రెండు గంటలు పోతాయి. అద్దె కారు ఇచ్చేచోట టోల్ పాస్ ట్యాగ్ తీసి అక్కడి డబ్బాలో వేయడం మరవొద్దు, వేయకపోతే దానికి విడిగా చార్జీ పడుతుంది.